ఇంటర్వ్యూ భయానికి మాత్ర ఉందా?

"మా అబ్బాయి ఎం.బి.బి.ఎస్. చదివాడు. అమెరికాలో రెసిడెన్సీకి కావలసిన పరీక్షలన్నీ పాసయ్యాడు. నాలుగు ఆసుపత్రుల నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మొదటిదానిలో అరచేతులకు చెమటలు పట్టి, గొంతు ఎండిపోయి, బట్టీ పట్టిన జవాబు మధ్యలో మరిచిపోయాడట. అప్పటి నుంచి నిద్ర లేదు. స్నేహితుడెవరో చెబితే ఆల్ప్రజోలం మాత్రలు తెచ్చుకున్నాడు. వేసుకోవచ్చా డాక్టరుగారూ? పొలం మీద అప్పు తెచ్చి ఇంతదాకా లాక్కొచ్చాం. కిందటేడు రాలేదు. ఈసారి కూడా రాకపోతే వాడేమైపోతాడోనని బెంగగా ఉంది."

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. దసరా వెళ్లగానే ఇలాంటి ఉత్తరాలు మొదలై సంక్రాంతి దాకా వస్తూనే ఉంటాయి. ఎందుచేతనంటే ఆ ఇంటర్వ్యూలు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకా జరుగుతాయి. నేను అమెరికాలో పనిచేసినవాణ్ణి కాను. కాని మా ప్రభుత్వాసుపత్రిలో నా దగ్గర హౌస్ సర్జన్లుగా పనిచేసి అక్కడికి వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు బల్లకు అవతలి పక్క కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నారు కూడా. వారు చెప్పిన సంగతులకు వైద్యుడిగా నాకు తెలిసినవి కలిపి రాస్తున్నాను.

ముందు మాత్ర సంగతి. అమ్మా, ఇంటర్వ్యూ కోసం ఆ మాత్ర వేసుకోనివ్వకండి. ఆల్ప్రజోలం ఆందోళన తగ్గించే మాట నిజమే. దాంతోపాటు చురుకుదనాన్నీ తగ్గిస్తుంది. మాట ముద్దగా వస్తుంది, అప్పుడే విన్న ప్రశ్న గుర్తుండదు. మరిచిపోతానని భయపడేవాడికి మరపు తెచ్చే మందు ఎలా పనికొస్తుంది? పైగా అలవాటుపడే మందు. ఇప్పటికే కొన్ని వారాలుగా రోజూ వాడుతూ ఉంటే మాత్రం ఉన్నట్టుండి మానెయ్యకూడదు. డాక్టరు సలహాతో మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

మరికొందరు ప్రొప్రనలాల్ మాట ఎత్తుతారు. అది చేతుల వణుకునూ గుండెదడనూ అణుస్తుంది. భయాన్ని తీసెయ్యదు. ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం. నాడి నెమ్మదిగా కొట్టుకునేవారికి, రక్తపోటు తక్కువగా ఉండేవారికి మంచిది కాదు. అవసరమని మరో డాక్టరు పరీక్షించి చెబితే, ముందు ఏ పనీ లేని రోజున వేసుకుని చూడాలి తప్ప ఇంటర్వ్యూనాడే మొదటిసారి వేసుకోకూడదు. "మరో డాక్టరు" అని ఎందుకన్నానంటే, తన చీటీ తనే రాసుకునే జబ్బు మా వృత్తిలో వారికి కొంచెం ఎక్కువ.

ఇక మిగిలినది ఆ అబ్బాయికీ, అతనిలాంటి అబ్బాయిలకూ అమ్మాయిలకూ.

మీ భయానికి సగం కారణం అలవాటు లేకపోవడం. మన దేశంలో పీజీ సీటు పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి ఇస్తారు. ఇంటర్వ్యూ అనేదే లేదు. పదిహేనేళ్లుగా నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం నేర్చుకున్న పిల్లలను పట్టుకుని "మీ గురించి చెప్పండి" అంటే నోరు పెగలకపోవడం సహజం. రెండో సగం కారణం బట్టీ. బట్టీ పట్టిన జవాబు గొలుసులాంటిది. ఒక లింకు ఊడితే మిగిలినదంతా జారిపోతుంది. జరిగిన సంగతి చెప్పేవాడికి ఆ ఇబ్బంది లేదు. ఎక్కడ ఆగినా అక్కడి నుంచి మళ్లీ అందుకోగలడు.

అక్కడి పద్ధతి గురించి తల్లిదండ్రులకు కూడా కాస్త తెలియాలి. అభ్యర్థి తాను వెళ్లదలచిన ఆసుపత్రులను వరుసలో రాసి ఇస్తాడు. ఆసుపత్రులు తమకు కావలసిన అభ్యర్థులను వరుసలో రాసి ఇస్తాయి. నేషనల్ రెసిడెంట్ మ్యాచింగ్ ప్రోగ్రామ్ అనే సంస్థ ఈ రెండింటినీ కంప్యూటరుతో జోడిస్తుంది. 1952 నుంచి ఈ జోడింపు జరుగుతోంది. ఫలితం మార్చి నెల మూడో శుక్రవారం వస్తుంది. 1998 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం అభ్యర్థి తన మనసులో ఉన్న వరుసనే రాయడం అన్నిటికన్నా లాభం. "వాళ్లు నన్ను తీసుకుంటారో లేదో" అని ఊహించి వరుస మార్చుకుంటే నష్టమే తప్ప లాభం లేదు. ఈ మధ్యలో డబ్బు తీసుకుని సీటు ఇప్పిస్తామనే వారెవరైనా తగిలితే వారి మాట నమ్మకండి. ఆ జోడింపులో వేలు పెట్టే దారి వారికి లేదు. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 2024లో నూటికి సుమారు 58 మందికి చోటు దొరికింది. అంటే దొరకనివారు తక్కువేమీ కాదు. వారంతా తెలివితక్కువవారు కూడా కాదు.

మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలిచారంటే మీ మార్కులు వారు చూసేశారన్నమాట. 2022 జనవరి నుంచి మొదటి పరీక్ష స్టెప్ వన్‌కు మార్కులే లేవు, పాసు ఫెయిలు మాత్రమే. రోగితో ఎలా మాట్లాడతారో చూసే పరీక్ష కూడా 2021లో ఎత్తేశారు. అందుచేత మనిషిని చూడటానికి వారికి మిగిలింది ఈ ఇంటర్వ్యూ ఒక్కటే. నా శిష్యురాలొకామె ఇప్పుడు అక్కడ అభ్యర్థులను ఎంచే బృందంలో ఉంది. ఆమె అన్నమాట ఇది: "సార్, మేము ఎన్ని ప్రశ్నలు అడిగినా మనసులో ఉండేది ఒక్కటే. రాత్రి రెండు గంటలకు ఈ మనిషి చేతుల్లో రోగిని పెట్టి నేను ఇంటికి వెళ్లి పడుకోగలనా?"

ఇది ఉత్త మాట కాదు. 1984లో న్యూయార్కులో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి రాత్రి ఆసుపత్రిలో చేరి తెల్లవారేసరికి చనిపోయింది. అలసిపోయిన జూనియర్ డాక్టర్లు, దగ్గర లేని సీనియర్లు అన్న చర్చ అక్కడి నుంచే రాజుకుంది. రెసిడెంట్ల పనిగంటలు వారానికి 80కి మించరాదన్న నిబంధన 2003లో ఆ దేశమంతటా వచ్చింది. ఆ ఎనభై గంటల్లో మీరెలా ఉంటారన్నదే వారి ఆరా.

దానికి జవాబు మీ దగ్గరే ఉంది. మన ప్రభుత్వాసుపత్రిలో ఏడాది హౌస్ సర్జన్‌గా చేసినవారి దగ్గర ఉన్న సరుకు తక్కువది కాదు. కాని మనవాళ్లు దాన్ని మూటకట్టి అటక మీద పెట్టి, "నేను కష్టపడి పనిచేస్తాను, అందరితో కలిసిపోతాను" అంటూ అరువు మాటలు చెబుతారు. ఈ మాటలు రోజుకు పదిమంది చెబుతారు. విన్నవారికి ఒక్కటీ గుర్తుండదు.

ఉదాహరణకు పాముకాటు కేసు తీసుకోండి. అర్ధరాత్రి పొలం నుంచి రైతును తెచ్చారు. మీరు రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి, కదపకుండా మంచం పక్కన పెట్టి, 20 నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నారు. గొట్టం వంచితే రక్తం గడ్డకట్టలేదు. ఈలోగా బంధువులు మంత్రం వేయించడానికి తీసుకుపోతామంటున్నారు. మీరు వాదించకుండా ఆ గొట్టాన్నే వారి పెద్దాయన చేతికిచ్చి చూపించారు. ఆయన ఆగారు. సీనియరుకు ఫోన్ చేశారు, విషానికి విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టారు, రియాక్షన్ వస్తుందేమోనని పక్కనే ఉన్నారు. చెప్పడానికి నిమిషంన్నర పట్టదు. అందులో మీ చదువుంది, ఓర్పు ఉంది, ఎదుటివాడికి నచ్చజెప్పే నేర్పు ఉంది, పైవాణ్ణి ఎప్పుడు పిలవాలో తెలిసిన వివేకం ఉంది. ఇవేవీ మీరు నోటితో చెప్పుకోనక్కరలేదు. ఇది నేను కల్పించి చెప్పిన కేసు. దీన్ని ఎత్తుకెళ్లి మీదిగా చెప్పకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మీకు నిజంగా జరిగినవి ఆరో ఏడో ఏరుకోండి. కాగితం మీద ఒక్కొక్కదానికి నాలుగు మాటలకు మించి రాయకండి. తరువాత ఇంట్లో డాక్టరు కాని మనిషికి, అక్కకో, బాబాయికో, నోటితో చెప్పండి. వారికి విసుగు పుట్టిన చోట కత్తిరించండి. కష్టమైన రోగి, తోటివారితో మాటపట్టింపు, ఎవరికైనా సాయపడిన సందర్భం అంటూ ఏ ప్రశ్న అడిగినా ఈ ఆరేడింటిలో ఏదో ఒకటి అతుకుతుంది. రోగి పేరు, ఊరు మాత్రం చెప్పకండి.

"మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి" అన్నప్పుడు చాలామంది "నేను మరీ ఎక్కువ పనిచేస్తాను" అని తెలివి చూపిస్తారు. ఆ తెలివి ఎప్పుడో పాతబడింది. ఏం జరిగింది, ఎవరికి వెంటనే చెప్పారు, ఆ తరువాత మీ పనిలో ఏం మార్చుకున్నారు, ఈ మూడూ వారికి కావాలి. అన్నిటికన్నా రెండోది. పొరపాటు దాచే జూనియరు అంటే ఏ దేశంలోనైనా సీనియర్లకు వణుకే. ఒక పరీక్ష తప్పినా, చదువు మధ్యలో ఒక ఏడాది ఖాళీ ఉన్నా అంతే. రెండు వాక్యాల్లో నిజం చెప్పి ఊరుకోండి. నంగినంగిగా ఐదు నిమిషాలు సంజాయిషీ చెబితే చిన్నది పెద్దదవుతుంది.

చివర్లో "మమ్మల్ని ఏమైనా అడుగుతారా?" అంటారు. "ఏమీ లేదు సార్" అనడం మనకు మర్యాద, వారికి నిరాసక్తి. రాత్రి డ్యూటీలో సీనియరు ఎంత దగ్గరలో ఉంటారు, రెసిడెంటుకే జబ్బు చేస్తే ఏం చేస్తారు, ఇలాంటివి అడగండి. పెళ్లయిందా, పిల్లల్ని ఎప్పుడు కంటారు అని వారు అడగకూడదు. ఇంకెక్కడెక్కడ దరఖాస్తు పెట్టారని అడగడమూ నిబంధనలకు విరుద్ధం. ఎవరైనా నోరు జారి అడిగితే తగవు పెట్టుకోకుండా, "నా పనికి అడ్డొచ్చేవి ఏమీ లేవండి" అని దాటెయ్యండి. అన్నట్టు, పెళ్లిచూపుల వంటివి మార్చి దాకా వాయిదా వెయ్యమని పెద్దలకు నా మనవి. ఒకే నెలలో రెండు రకాల ఇంటర్వ్యూలు ఏ పిల్లకైనా భారమే!

మాటల విషయంలో ఒక్క హెచ్చరిక. "నేను 2022లో పాసౌట్ అయ్యాను" అని మనం అంటాం. అక్కడ దానికి అర్థం స్పృహ తప్పి పడిపోయానని! గ్రాడ్యుయేట్ అయ్యానని చెప్పండి. మన పారాసెటమాల్ వారికి అసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటరాల్, కాజువాలిటీ ఎమర్జెన్సీ డిపార్టుమెంటు. యాస మార్చుకోనక్కరలేదు. వేగం తగ్గిస్తే చాలు.

2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి చాలా ఇంటర్వ్యూలు వీడియోలోనే జరుగుతున్నాయి. ఇంటి నుంచి మాట్లాడేవారికి ఖర్చు తగ్గింది, నిద్ర చెడింది. చలికాలంలో న్యూయార్కులో ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి ఏడున్నర. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం రెండంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. ఇంకో తిరకాసు ఉంది. నవంబరు మొదటి ఆదివారం వారు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా న్యూయార్కు తొమ్మిది మనకు ఆరున్నరే. ఈ గంట తేడా దగ్గర ఇంటర్వ్యూ పోగొట్టుకున్నవారున్నారు. తేదీతో సహా రెండు దేశాల వేళలూ రాసి గోడకు అంటించండి.

అర్ధరాత్రి దాటాక ఇంటర్వ్యూ ఉంటే నాలుగైదు రోజుల ముందు నుంచే పడుకునే వేళ కొంచెం కొంచెం జరుపుకోండి. ఆ రోజు మధ్యాహ్నం ఒకటిన్నర గంట నిద్రపొండి. కాఫీ ఒక కప్పు చాలు. నాలుగు కప్పులు తాగి, వచ్చిన గుండెదడను భయమనుకునేవారిని చూశాను. కాఫీ ప్రభావం సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి తరువాత నిద్ర కూడా పాడవుతుంది. రెండు గంటల ముందు పెరుగన్నమో, ఇడ్లీయో తేలికగా తినండి. పిలుపుకు ముందు ఐదు నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. పీల్చడం కన్నా వదలడం ఎక్కువసేపు ఉంటే గుండె వేగం కాస్త దిగుతుంది. ఖర్చు లేని మందు ఇది. కరెంటు పోతే ఏం చేస్తారో, కుక్కరు ఈల ఆ వేళకు కూస్తుందో లేదో ఇంట్లోవారితో ముందే మాట్లాడుకోండి.

ఇక మళ్లీ తల్లిదండ్రులతో. ఇంటర్వ్యూ అయి గదిలో నుంచి బయటకు రాగానే "ఎలా చేశావ్? వస్తుందా?" అని అడగకండి. వారు నవ్వుతూ మాట్లాడారనీ, మాట్లాడలేదనీ ఫలితం ఊహించడం వల్ల ఉపయోగం లేదు. అన్నం పెట్టి పడుకోమనండి. అప్పు మాట ఆ నాలుగు నెలలూ భోజనాల దగ్గర ఎత్తకండి. పొలం తాకట్టులో ఉందన్న సంగతి అతనికి తెలుసు. మీరు గుర్తు చేయనక్కరలేదు.

మార్చిలో ఆ వారం సోమవారంనాడే చోటు దొరికిందో లేదో తెలుస్తుంది. ఎక్కడన్నది శుక్రవారం తెలుస్తుంది. సోమవారం లేదని వస్తే, మిగిలిపోయిన చోట్లకు అదే వారంలో దరఖాస్తు పెట్టుకునే వీలుంది. అందుకని ఆ రోజు గది తలుపు వేసుకుని ఏడుస్తూ కూర్చోకుండా ఎవరైనా పక్కన ఉండాలి. అదీ కాకపోతే ఇక్కడ నీట్ పీజీ ఉంది, ఎం.బి.బి.ఎస్. పట్టా ఉంది. మా ఆసుపత్రుల్లో డాక్టర్ల కొరత ఎలాగూ ఉంది, ఇలాంటి పిల్లలు ఇక్కడే ఉంటే స్వార్థం కొద్దీ నేను సంతోషిస్తాను.

కాని రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, స్నేహితులతో మాట్లాడటం మానేసినా, "నేను లేకపోతే మీకు బాగుండేది" వంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, అది ఇంటర్వ్యూ భయమని సరిపెట్టుకోకండి. డాక్టరు చదివినవాడు కదా, తనకే తెలుస్తుందనీ అనుకోకండి. ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. దగ్గరలో ఎవరూ లేకపోతే 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు.