చేతిలో కెమెరా, టీవీ కింద రెండు దీపాలు

టీవీ తెర మీద ఎటు చేయి చూపిస్తే ఆటలో గురి అటే వెళ్లేలా చేసే సాధనాన్ని పాయింటర్ కంట్రోలర్ అంటారు. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2006లో ‘వీ’ గేమ్ కన్సోల్‌తో కలిపి ఇచ్చిన తెల్లటి రిమోట్ వీటిలో అందరికంటే పేరుపొందింది. ఆ కన్సోళ్లు 10 కోట్ల 16 లక్షలు అమ్ముడుపోయాయి. ఇన్ని ఇళ్లలో నలిగిన పద్ధతి పదేళ్లు తిరిగేసరికి కొత్త కన్సోళ్లలోంచి మాయమైంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కన్సోల్ రిమోట్లలో చేతి కదలికను పసిగట్టే చిప్పులు ఉన్నాయి గానీ, తెర ఎక్కడుందో తెలుసుకునే ఏర్పాటు లేదు. పాయింటర్ మళ్లీ రావాలా వద్దా అనే వాదం తేలవలసింది ఈ తేడా దగ్గరే. అది మాత్రం చేతులు ఊపుతూ ఆడడం బాగుంటుందా బాగుండదా అన్న చోటే ఆగిపోతోంది.

తెరకు గురిపెట్టే బొమ్మ తుపాకులకు ఇంటి కన్సోళ్లంత వయసుంది. 1972లో అమెరికాలో వచ్చిన తొలి కన్సోల్ మాగ్నవాక్స్ ఒడిస్సీకి అలాంటి తుపాకీని విడిగా అమ్మేవారు. దాన్ని తయారుచేసి ఇచ్చింది అప్పటికింకా బొమ్మల కంపెనీగానే ఉన్న నింటెండో. ఆ తుపాకీకి వెలుతురు తప్ప మరేమీ తెలియదు. టీవీని వదిలేసి గదిలో బల్బుకు గురిపెట్టినా దెబ్బ తగిలినట్టే లెక్క. నింటెండో తన సొంత కన్సోల్ కోసం 1984లో జపాన్‌లో, మరుసటి ఏడు అమెరికాలో విడుదల చేసిన తుపాకీ దగ్గర ఈ ఎత్తు పారలేదు. అమెరికాలో జాపర్ అనే పేరుతో వచ్చిన ఆ తుపాకీతో ‘డక్ హంట్’ ఆడుతూ ట్రిగ్గర్ నొక్కగానే, కంటికి సరిగా ఆననంత తక్కువ సేపు తెర మొత్తం నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట ఒక తెల్లటి పెట్టె వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకానికి ముందు చీకటి, ఆ వెనకే వెలుగు కనిపిస్తేనే బాతు పడినట్టు. బల్బులో చీకటి కనిపించదు కదా. రెండు బాతులుంటే రెండు పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఎన్నో వెలుగు అందిందన్నదాన్ని బట్టి ఏ బాతో తేలుతుంది.

ఈ లెక్కంతా పిక్చర్ ట్యూబు టీవీల మీద నడిచేది. ఆ టీవీల్లో కన్సోల్ పంపిన బొమ్మ ఆలస్యం లేకుండా తెరమీద పడుతుంది. ఎల్‌సీడీ టీవీలు వచ్చిన బొమ్మను ముందు తమలో తాము సవరించుకుని, ఆ తర్వాతే చూపిస్తాయి. ఆ కొద్దిపాటి ఆలస్యానికే తుపాకీ చూసే వేళ దాటిపోతుంది. పలచటి టీవీలు ఇంటింటికీ చేరే కొద్దీ తెర వెలుగును నమ్ముకున్న తుపాకులు పనికిరాకుండా పోయాయి. ఇకమీద గురిపెట్టే సాధనానికి ఆనవాలు తెర లోపల కాక, బయట దొరకాలి.

అప్పటికి నింటెండో పరిస్థితి ఏమంత బాగా లేదు. దాని గేమ్‌క్యూబ్ 2 కోట్ల 17 లక్షల దగ్గర ఆగిపోతే, సోనీ ప్లేస్టేషన్ 2 చివరికి 15 కోట్లు దాటింది. బొమ్మల నాణ్యతలో సోనీతో, మైక్రోసాఫ్ట్‌తో పోటీపడి లాభం లేదని సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాతా గ్రహించాడు. రెండు స్టిక్కులు, డజను బటన్లు ఉన్న కంట్రోలర్‌ను చూసి ఆటల జోలికే రాని జనం ఆయన కంటికి ఆనారు. ఆటల రూపకర్త షిగెరు మియామోటో, హార్డ్‌వేర్ బాధ్యతలు చూసే గెన్యో టకేడా బృందాలు కలిసి తయారుచేసిన కొత్త కంట్రోలర్‌ను ఇవాతా 2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో చూపించాడు. అది అచ్చంగా టీవీ రిమోటే. ఒంటి చేత్తో పట్టుకోవచ్చు, ఎవరికీ కొత్తగా తోచదు. కన్సోల్ 2006 నవంబరు 19న అమెరికాలో, డిసెంబరులో జపాన్, ఐరోపాల్లో అమ్మకానికి వచ్చింది.

రిమోట్ ముందు కొసన నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. అది పరారుణ కాంతిని మాత్రం లోపలికి వదిలే వడపోత. దాని వెనక తైవాన్‌కు చెందిన పిక్స్‌ఆర్ట్ సంస్థ చేసిన చిన్న కెమెరా ఉంది. టీవీ కింద గానీ పైన గానీ పెట్టే సన్నటి బారుకు సెన్సర్ బార్ అని పేరు, అందులో మాత్రం పసిగట్టేది ఏదీ లేదు. రెండు కొసల్లో అయిదేసి చొప్పున పరారుణ ఎల్‌ఈడీ దీపాలున్నాయి, అంతే. కన్సోల్‌కు కలిపే తీగలో పోయేది కరెంటు ఒక్కటే. అందుకే బారు పాడైనప్పుడు రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా రిమోట్ పనిచేస్తుంది: కొవ్వొత్తి మంటలోనూ పరారుణ కాంతి దండిగా ఉంటుంది. కిటికీలోంచి పడే ఎండ వల్ల, పండగకు కట్టిన రంగు బల్బుల వల్ల గురి చెదిరిపోయేదీ ఈ కారణంగానే.

కెమెరా గది ఫొటో ఏదీ తీసి పంపదు. దాని చిప్పు సెకనుకు 100 సార్లు తన ముందున్న దృశ్యాన్ని చూసి, అందులో బాగా వెలిగే చుక్కలను నాలుగింటిదాకా వెతికి, వాటి స్థానాలను అంకెలుగా మార్చి బ్లూటూత్‌లో కన్సోల్‌కు పంపుతుంది. అసలు సెన్సర్‌లో ఉన్నవి అడ్డంగా 128, నిలువుగా 96 గళ్లే. ఒక్కో చుక్క వెలుగు పక్కపక్క గళ్లలో ఎలా పంచుకుని ఉందో లెక్కగట్టి, దాన్ని 1024, 768 గళ్లంత సూక్ష్మంగా చెబుతుంది. చేతిని కుడివైపు తిప్పితే చుక్కల జంట కెమెరా చూపులో ఎడమకు జరుగుతుంది. రిమోట్‌ను మెలితిప్పితే జంట వాలుతుంది. ముందుకు నడిస్తే చుక్కల మధ్య ఎడం పెరుగుతుంది. కెమెరా చూపు అడ్డంగా దాదాపు 33 డిగ్రీలు. బారులో దీపాల మధ్య దూరం దాదాపు 20 సెంటీమీటర్లు. రెండు మీటర్ల దూరంలో నిలబడితే ఆ రెండు చుక్కల మధ్య దాదాపు 177 గళ్ల ఎడం ఉంటుంది, నాలుగు మీటర్లకు వెళితే అందులో సగం. ఆటగాడు ఎంత దూరంలో ఉన్నాడో కన్సోల్‌కు తెలిసేది ఈ లెక్కతోనే.

ఇందులో ఒక చిక్కుంది. రెండు చుక్కలూ ఒకేలా ఉంటాయి కాబట్టి రిమోట్ తలకిందులుగా ఉందో సవ్యంగా ఉందో కెమెరాకు తెలియదు. దాన్ని తేల్చేది అనలాగ్ డివైసెస్ సంస్థ చేసిన మూడు దిశల యాక్సెలరోమీటర్. రిమోట్ కదలకుండా ఉన్నప్పుడు అది గురుత్వాకర్షణ ఎటు లాగుతోందో చెబుతుంది, అంటే కింద ఏదో పైన ఏదో తెలుస్తుంది. రిమోట్‌ను విసిరినట్టు ఊపినప్పుడు మాత్రం గురుత్వాకర్షణ ఎంత, చేతి ఊపు ఎంత అని విడదీయలేదు. ‘వీ స్పోర్ట్స్’ టెన్నిస్‌లో సోఫాలో కూర్చుని మణికట్టు ఆడించినా బంతి అవతల పడడానికి కారణం ఇదే. ఈ లోటు తీర్చడానికి 2009లో ‘మోషన్ ప్లస్’ అనే జోడింపు వచ్చింది. అందులోని గైరోస్కోప్ రిమోట్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తుంది.

చేతులు ఊపడం, గురిపెట్టడం ఒకే రిమోట్‌లో ఉన్నా రెండూ వేర్వేరు విద్యలు. మొదటిదానికి పేరు ఎక్కువ, రెండోదానికి పని ఎక్కువ. 8 కోట్లకు మించి జనం చేతికి చేరిన ‘వీ స్పోర్ట్స్’ మొదటి దాని గొప్పతనాన్ని చాటింది. తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు మాత్రం బటన్ నొక్కితే సరిపోయే చోట రిమోట్‌ను ఆడించమని వేధించాయి. పాయింటర్ దారి వేరు. 2007లో వచ్చిన ‘మెట్రాయిడ్ ప్రైమ్ 3’, ‘రెసిడెంట్ ఈవిల్ 4’ వీ కూర్పులలో గురి చేతి వెంటే వెళ్లింది. స్టిక్కును నెట్టి, అది దాటిపోతే వెనక్కి లాక్కునే తంటా తప్పింది. అదే ఏడాది ‘సూపర్ మారియో గెలాక్సీ’లో ఒకరు మారియోను నడిపిస్తుంటే, పక్కన కూర్చున్నవారు మరో రిమోట్‌తో తెర మీది నక్షత్రపు తునకలను ఏరుకోవచ్చు. ఆటలే రాని పెద్దవాళ్లకు కూడా చోటిచ్చిన ఆ ఏర్పాటు రెండు స్టిక్కుల కంట్రోలర్‌తో అయ్యే పని కాదు.

ఊపులకు చెల్లించిన మూల్యం తొలి వారాల్లోనే బయటపడింది. చెమట చేతుల్లోంచి జారిన రిమోట్లు టీవీలకు తగిలాయి. మణికట్టుకు కట్టుకునే తాడు తెగుతోందన్న ఫిర్యాదులతో 2006 డిసెంబరులో నింటెండో దాదాపు 32 లక్షల తాళ్లను మార్చి ఇస్తానంది; మరుసటి ఏడు రిమోట్‌కు తొడిగే సిలికాన్ కవర్లను ఉచితంగా పంచింది. ఇందులో పాయింటర్ తప్పేమీ లేదు. గురిపెట్టడానికి మోచేయి తొడ మీద ఆనించి, మణికట్టు కొద్దిగా కదిపితే చాలు.

రిమోట్ విలువను ఆటల బయట ముందుగా గుర్తించినవారిలో జానీ చుంగ్ లీ ఒకరు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆయన 2007లో ఈ అమరికను తిరగేశాడు: రిమోట్‌ను టీవీ దగ్గర కదలకుండా పెట్టి, దీపాలను కళ్లద్దాలకు తగిలించాడు. తల కదిలినప్పుడల్లా తెరమీది దృశ్యం కిటికీలోంచి చూస్తున్నట్టు మారింది. ఆ వీడియోలు లక్షల మంది చూశారు. లీ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో కైనెక్ట్ కోసం పనిచేశాడు.

2010లో పోటీ సంస్థలు కూడా ఈ బాట పట్టాయి. సోనీ ‘మూవ్’ కొసన వెలిగే బంతి ఉంటుంది, టీవీ దగ్గరి కెమెరా దాన్ని చూస్తుంది. మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ చేతిలో ఏదీ లేకుండానే ఒళ్లంతా చూసింది. మొదట్లో బ్రహ్మాండంగా అమ్ముడైనా, వేలికొసతో చేసే పనికి ఒళ్లంతా చూసే కెమెరా సరిపోలేదు. 2014లో ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్‌ను కైనెక్ట్ లేకుండా అమ్మడం మొదలుపెట్టి, 2017లో కైనెక్ట్ తయారీనే ఆపేశారు. నింటెండో 2012లో తెచ్చిన వీ యూ పాత రిమోట్లనూ బారునూ అంగీకరించింది గానీ, ఆ కన్సోల్ కోటి 36 లక్షల దగ్గరే చతికిలబడింది.

స్విచ్ వచ్చేసరికి కన్సోల్ స్వరూపమే మారింది. బస్సులో చేతపట్టుకుని ఆడే యంత్రానికి టీవీ కింద బారు పెట్టడం కుదరదు కాబట్టి గురి బాధ్యత గైరోస్కోప్ మీద పడింది. ఇది కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడి వంటిది. ఎంత తిరిగిందీ కూడుకుంటూ పోతుంది గానీ, తెర ఎటుందో ఒక్కసారీ చూడదు. ప్రతి కూడికలో చిన్న పొరపాటు చేరుతుంది. కాసేపటికి చేయి తెర మధ్యకు చూపిస్తున్నా గురి ఏ పక్కకో జరిగి ఉంటుంది. 2020లో స్విచ్ మీదికి వచ్చిన ‘గెలాక్సీ’లో ఇందుకోసమే ఒక బటన్ కేటాయించారు, నొక్కినప్పుడల్లా గురి తెర మధ్యకు వస్తుంది. తెలుగు ఇళ్లలోనూ ఉన్న ఎల్‌జీ టీవీల మ్యాజిక్ రిమోట్‌దీ గైరో పద్ధతే. బాణం గుర్తు చేతితో పొత్తు కుదరనప్పుడు దాన్ని తెర అంచుదాకా తోసి, ఇంకాస్త తిప్పి సరిచేసుకోవడం వాడేవారికి అలవాటే.

గైరోను తీసిపారేయడానికి లేదు. 2015లో వచ్చిన ‘స్ప్లాటూన్’ దాని సత్తా చూపించింది: పెద్ద మలుపులకు స్టిక్కు, చివరి చిన్న సవరణకు చేతి వంపు. అక్కడ గురి ఎప్పుడూ తెర మధ్యలోనే ఉండి దృశ్యమే తిరుగుతుంది కాబట్టి జారుడు పెద్దగా తెలియదు. తెర మీద స్వేచ్ఛగా తిరిగే గురికి మాత్రం ఆనవాలు కావాల్సిందే. ప్లేస్టేషన్ కంట్రోలర్లలో, స్టీమ్ డెక్‌లో గైరో ఉంది, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లలో లేదు. ఒకే ఆటను అన్ని కన్సోళ్లకూ చేసేవారు అందరికీ ఉన్న స్టిక్కుల మీదే ఆట కట్టి, గైరోను అడుగున ఎక్కడో ఒక ఐచ్ఛికంగా వదిలేయడానికి ఇదొక కారణం. పాయింటర్ తిరిగొచ్చినా ఈ చిక్కు తప్పదు. చేతులు వణికేవారికి, ఎక్కువసేపు చేయి ఎత్తలేనివారికి అది భారమే కాబట్టి, తప్పనిసరి చేయడమూ కూడదు.

2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 రిమోట్లను బల్ల మీద పక్కకు వాల్చి మౌస్‌లా జరపవచ్చు. మౌస్‌కు జారుడు బాధ లేదు, గురి కచ్చితం. కాకపోతే సోఫాలో కూర్చున్నవారికి బల్ల ఎక్కడ? తొడ మీదో దిండు మీదో జరుపుకోవాలి. పాత స్విచ్ కుడి రిమోట్ అడుగున ఉన్న పరారుణ కెమెరాను కూడా ఈ కొత్త రిమోట్లలోంచి తీసేశారు.

సాంకేతికంగా పాయింటర్ తిరిగి రావడానికి పెద్ద అడ్డంకులు లేవు. గైరో త్వరితమైన కదలికను చూసుకుంటే, కెమెరా మధ్యమధ్యలో దీపాలను చూసి జారుడును దిద్దుతుంది. దీపాలు చూపు దాటిపోయిన క్షణాల్లో గైరో నెట్టుకొస్తుంది. వర్చువల్ రియాలిటీ కంట్రోలర్లలో ఈ జోడీయే పనిచేస్తోంది. మెటా క్వెస్ట్‌లో కళ్లకు తగిలించుకున్న కెమెరాలు చేతిలోని పరారుణ దీపాలను చూస్తాయి. 2016 నాటి హెచ్‌టీసీ వైవ్‌లో గది మూలల్లోని పెట్టెలు పరారుణ కాంతిని వెదజల్లితే చేతిలోని గ్రాహకాలు అందుకుంటాయి. ఇంటి టీవీకి అంత హంగామా అవసరం లేదు. పీసీల మీద పాత వీ ఆటలు ఆడేవారికి యూఎస్‌బీ కరెంటుతో వెలిగే బార్లు బజారులో దొరుకుతున్నాయి. సిండెన్ అనే తుపాకీకైతే బారు కూడా అక్కర్లేదు: సాఫ్ట్‌వేర్ ఆట చుట్టూ ఒక తెల్లటి అంచు గీస్తుంది, తుపాకీలోని కెమెరా ఆ అంచును పట్టుకుని తెర నాలుగు మూలలూ లెక్కగడుతుంది. ఎల్‌సీడీ ఆలస్యం దీన్ని దెబ్బతీయదు, ఎందుకంటే అంచు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కన్సోల్ తయారీదారు ఎవరైనా ఇదే పద్ధతి ఎంచుకుంటే టీవీ దగ్గర అదనంగా పెట్టాల్సింది ఏమీ ఉండదు. రిమోట్‌లో ఒక చవక కెమెరా, ఆటలో తెర చుట్టూ వేలెడంత తెల్లటి గీత సరిపోతాయి.