మీకు తెలుసా? కుచ్చు రాలినా ఈ పురుగు చావదు!

ఉప్పునీటి అక్వేరియంలో ఇసుకలో గుచ్చిన విసనకర్రలా విచ్చుకుని కనిపించేదాన్ని చాలామంది పువ్వనుకుంటారు. మొక్కో, పగడమో అనుకునేవాళ్లూ ఉన్నారు. అది పురుగు. వానపాముకూ జలగకూ చుట్టం. దుమ్ము దులిపే ఈకల కట్టలా ఉంటుందని ఇంగ్లిషువాళ్లు ఫెదర్ డస్టర్ అని పేరు పెట్టారు. ఒళ్లంతా గొట్టంలో దాచుకుని తలమీది కుచ్చును మాత్రం బయట పెడుతుంది.

దీనికి ఊపిరి ఆ కుచ్చుతోనే, తిండి కూడా దానితోనే. ఈకల మీది సన్నటి నూగు అదేపనిగా కదులుతూ నీటిని తనవైపు లాక్కుంటుంది. ఆ నీటితో వచ్చిన నలుసుల్ని చేటలో బియ్యం చెరిగినట్టు వేరు చేస్తుంది. బాగా సన్నవి నోట్లోకి, పెద్దవి అవతలికి. మధ్యరకం రేణువుల్ని మాత్రం కొన్ని జాతులు పారేయవు. జిగురుతో కలిపి గొట్టం అంచున పేర్చుకుంటాయి. భోజనం చేస్తూనే ఇల్లు కట్టుకోవడమంటే ఇదే.

దీని రక్తం మరో వింత. పలచగా ఉంటే ఆకుపచ్చ, చిక్కగా ఉంటే ఎరుపు. మనలాగే ఇనుముతోనే ఆక్సిజన్ మోస్తుంది కానీ, ఆ పదార్థం పేరు క్లోరోక్రూయోరిన్.

అద్దం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లగానే కుచ్చు మాయమవుతుంది. ఈకల మీద ఉన్న కంటిచుక్కలకు నీడ పడిందంటే చేప వచ్చినట్టే. పిల్లలకు ఇదో ఆట. పురుగుకు మాత్రం ముడుచుకున్నంతసేపూ పస్తే!

అసలు ఇళ్లలో ఇవి ఎక్కువగా పోయేది ఆకలితోనే. యజమాని ఎంత శ్రద్ధగా నీళ్లు శుభ్రం చేస్తే దీని కంచం అంత ఖాళీ అవుతుంది. స్కిమ్మరూ ఫిల్టరూ కలిసి నీటిలోని నలుసుల్ని ఊడ్చేస్తాయి. చేపలకు వేసే గుళికలు దీని నోటికి పట్టవు. దీనికి కావలసింది కొద్ది మైక్రాన్ల సైజుండే సూక్ష్మ శైవలాలు. నానోక్లోరాప్సిస్ లాంటివి సీసాల్లో దొరుకుతాయి. వారానికి కొన్నిసార్లు ఫిల్టరు కాసేపు ఆపి, నీటి ప్రవాహం కుచ్చు వైపు వెళ్లే చోట మెల్లగా వదలాలి. కుచ్చు మీదే గుమ్మరిస్తే ముడుచుకుంటుంది. అతిగా పోస్తే నీళ్లు పాడవుతాయి. అందుకే నిన్నగాక మొన్న నింపిన తొట్టెలో దీన్ని వేయకండి. నెలల తరబడి నిలకడగా నడిచిన తొట్టెలోనైతే తినడానికి ఏదో ఒకటి తేలుతూ ఉంటుంది.

వేడి 24 నుంచి 27 డిగ్రీలు, నీటి సాంద్రత 1.025 దగ్గర ఉంటే చాలు. గొట్టం అడుగు భాగం ఇసుకలోనో రాళ్ల సందులోనో నిలవాలి. కొత్తగా తెచ్చినప్పుడు మన తొట్టె నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చేయాలి. గొట్టాన్ని గాలిలోకి ఎత్తకపోవడం మంచిది.

రాగి మాత్రం దీనికి విషం. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే రాగి కలిసిన మందు వాడతారు కదా, ఆ వైద్యం వేరే తొట్టెలో చేయాలి. రాళ్లు రాగిని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి కాబట్టి, మందు వాడిన పాత తొట్టెనూ నమ్మలేం. ఇరుగుపొరుగు సంగతీ చూసుకోవాలి. సీతాకోక చేపలు కుచ్చును కొరుక్కు తింటాయి. నెమ్మదిగా మసలే సముద్రపు గుర్రాలతో అయితే ఏ పేచీ లేదు.

దీని దగ్గరి బంధువు క్రిస్మస్ ట్రీ వర్మ్ బతికున్న పగడంలో ఇల్లు కట్టుకుంటుంది. ఆ పగడం చస్తే దానికీ కష్టమే. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కాబట్టి ఆ పురుగును చూసే ముచ్చట సినిమాల్లో, ఫొటోల్లో తీర్చుకోవడమే మేలు.

ఇక కుచ్చు సంగతి. నీటిలో మార్పు వచ్చినా, చేప కొరికినా, తిండి చాలకపోయినా ఈ పురుగు బల్లి తోక వదిలినట్టు కుచ్చును మొత్తంగా రాల్చేస్తుంది. చచ్చిపోయిందనుకుని గొట్టంతో సహా పారేసేవాళ్లు ఎందరో. లోపలి పురుగు బతికుంటే కొన్ని వారాల్లో కొత్త కుచ్చు వస్తుంది, మొదట కాస్త చిన్నగా. పురుగు గొట్టాన్నే వదిలి బయటికొస్తే మాత్రం ప్రమాదమే. కాబట్టి ఖాళీగా కనిపించే గొట్టాన్ని తొందరపడి తీసేయకండి. నీళ్లు సరిచూసి, అది కుళ్లుతున్న ఆనవాలు కనిపించనంతవరకు అక్కడే ఉండనివ్వండి.