పరుగు కారుకు పాదరక్షలు

"మామా, టైర్లు కొత్తవే చూడండి, గాడులు ఎంత లోతుగా ఉన్నాయో!"

హోసూరులో ఉంటున్న మా మేనల్లుడు సెకండ్‌హ్యాండు కారు కొని, మా ఇంటి ముందు ఆపి, అన్న మొదటి మాట ఇది. కారు 2014 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ. చూడటానికి మామూలు చిన్న కారే. లోపల మాత్రం 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్‌పవరు, ఏడు గేర్ల ఆటోమేటిక్ పెట్టె. పుణె దగ్గరి చాకణ్‌లో తయారైన బండి. 2022లో పోలో తయారీ మన దేశంలో ఆగిపోయినా, పరుగు కారు మీద మోజున్న కుర్రవాళ్ళు దాన్ని వెతుక్కుని మరీ కొంటున్నారు.

నేను వంగి టైరు పక్క గోడను చూశాను. ఒక చిన్న దీర్ఘవృత్తంలో నాలుగు అంకెలు: 1116. అంటే ఆ టైరు 2016వ సంవత్సరం 11వ వారంలో తయారైందన్నమాట. మేము చూస్తున్నది 2024లో. కారు పెద్దగా తిరగలేదు గనుక గాడులు అరగలేదు. రబ్బరు మాత్రం ముసలిదై, వెంట్రుక వాసి పగుళ్ళు పడింది. నాలుగూ అంతే.

మరో రెండు వారాల్లో వాళ్ళ పాప పుట్టు వెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్ళాలి. మా అక్కయ్య, కోడలు, పాప అందరూ అదే కారులో. కుప్పం, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగాలి, ఆ పైన కొండ ఎక్కాలి. వానాకాలం. వాడి చేతిలో ఉన్న డబ్బంతా కారుకే అయిపోయింది. కొనబోతే కొరివి అన్నట్టు, నాలుగు టైర్ల ధర వినగానే వాడి ముఖం వాడిపోయింది.

మర్నాడు ఉత్సాహంగా ఫోన్ చేశాడు. ఒక దుకాణంలో 205/65 ఆర్ 15 టైర్లు తక్కువకే ఇస్తామన్నారట. "అదే 15 అంగుళాల రిమ్ము మామా, చక్కగా ఎక్కుతుంది. పైగా వెడల్పు, బండికి గాంభీర్యం వస్తుంది" అని. అది ఇన్నోవాకు వేసే సైజు. ఆ రోజు కాగితం మీద వేసి చూపించిన లెక్క మన సభ్యుల్లో మరికొందరికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

పక్క గోడ మీదే జాతకం

ఆ పోలోకు కంపెనీ ఇచ్చిన టైరు 185/60 ఆర్ 15, 84 హెచ్. ఇందులో 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 60 వంతులని. ఆర్ అంటే లోపలి తీగల అల్లిక రేడియల్ పద్ధతిదని. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 84 బరువు సూచిక: ఒక్కో టైరు 500 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఎస్ అయితే 180, టి అయితే 190, వి అయితే 240.

"మనమెప్పుడు 210లో పోతాం? ఎస్ టైరు చాలదా?" అని చాలామంది అడుగుతారు. ఆ అక్షరం వేగాన్ని మాత్రమే చెప్పదు. టైరు ఎంత వేడిని తట్టుకుంటుందో కూడా చెబుతుంది. మే నెల మధ్యాహ్నం, నిండు బండి, నాలుగు వరసల రోడ్డు మీద గంటల తరబడి ప్రయాణం చేసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అందుకే బరువు సూచికగాని, వేగం అక్షరంగాని కంపెనీ ఇచ్చినదానికంటే పైకి పోవచ్చు, కిందికి దిగకూడదు.

మా వాడికి వేసి చూపిన లెక్క

టైరు మొత్తం వ్యాసం తెలియాలంటే రిమ్ము అంగుళాలను 25.4తో హెచ్చవేసి, దానికి రెండు పక్క గోడల ఎత్తు కలపాలి. 15 అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు. 185లో 60 వంతులు 111. రెండు గోడలకు 222. మొత్తం 603. ఇది అసలు కొలత. ఇక మిగతావి చూద్దాం.

195/55 ఆర్ 15: 595.5 మి.మీ. నూటికి ఒకటింబావు తక్కువ.
195/60 ఆర్ 15: 615 మి.మీ. నూటికి రెండు ఎక్కువ.
195/55 ఆర్ 16: సుమారు 621 మి.మీ. నూటికి మూడు ఎక్కువ.
205/65 ఆర్ 15: 647.5 మి.మీ. నూటికి ఏడుకు పైగా ఎక్కువ.

తేడా నూటికి రెండు మూడు దాటకూడదన్నది టైర్ల పనివాళ్ళు పాటించే లెక్క. దుకాణం వాళ్ళు చెప్పిన టైరు ఏడు దాటింది. రిమ్ముకు ఎక్కడం వరకు నిజమే. కాని ఎక్కాక ఏమవుతుంది? చక్రం చుట్టూ ఉన్న ఖాళీ ఇంచుమించు 22 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. నలుగురు కూర్చుని గుంతలో దిగితే, లేదా స్టీరింగు పూర్తిగా తిప్పితే, టైరు మడ్‌గార్డు లోపలి పొరను రాసుకునే ప్రమాదం ఉంది. మీటరు 100 చూపుతున్నప్పుడు బండి అంతకంటే ఏడు కిలోమీటర్లు ఎక్కువ వేగంలో పోతుంటుంది. వేగం తగ్గించానని డ్రైవరు అనుకుంటాడు, అసలు తగ్గి ఉండదు.

అన్నిటికంటే వింత ఏమిటంటే, పెద్ద చక్రం తిప్పడానికి ఇంజను ఎక్కువ కష్టపడాలి. గేర్లన్నీ ఏడు వంతులు బరువెక్కినట్టే. ఏ పరుగు కోసం ఆ కారు కొన్నాడో ఆ పరుగే మందగిస్తుంది. ఈ మాట చెప్పాకే మా వాడు దారికొచ్చాడు. మిగతావన్నీ విన్నాడు గాని, పికప్ పోతుందంటే మాత్రం ఒప్పుకోలేకపోయాడు!

వెడల్పు సంగతి కూడా చెప్పాలి. పొడి రోడ్డు మీద మలుపుల్లో వెడల్పాటి టైరు పట్టు బాగుంటుంది, నిజమే. కాని నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అది ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి. నెట్టలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగు మన మాట వినదు. వెడల్పు పెంచుకోదలచినవారు 195తో ఆగడం మేలు. కొనేముందు తమ రిమ్ము వెడల్పు దానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. 195/55 ఆర్ 15కు అయిదున్నర నుంచి ఏడు అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి.

మరొక మాట. కంపెనీ నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి. రేపు ప్రమాదం జరిగి బీమా అడిగేటప్పుడు ఈ చర్చ రాకుండా ఉండాలంటే, కారు పుస్తకంలో ఉన్న సైజులోనే ఉండటం క్షేమం.

ఎక్కడ మిగుల్చుకోవచ్చు?

టైరు ధర కేవలం దాని సైజు వల్ల పెరగదు. ఆ సైజు ఎన్ని కార్లకు వేస్తారన్నది ముఖ్యం. 185/60 ఆర్ 15 ఫోక్స్‌వ్యాగన్ వెంటోకు, స్కోడా ర్యాపిడ్‌కు కూడా వచ్చిన సైజు. తర్వాతి ఏళ్ళలో పోలో జి.టి.కి ఇచ్చిన 195/55 ఆర్ 16 మారుతీ బలేనో పై రకాలకు కూడా వాడేదే. కాబట్టి ఈ రెండూ చాలా కంపెనీల్లో, చాలా ధరల్లో దొరుకుతాయి. 195/50 ఆర్ 16 అనే సైజు ఉంది. లెక్క ప్రకారం వ్యాసం 601 మి.మీ., అసలుకు అతి దగ్గర. కాని మన బజారులో దొరకడం కష్టం. కాగితం మీద కుదిరినది కొట్టులో కుదరదన్నమాట. పైగా 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అరుదైన సైజులు వాడే ఖరీదైన కార్లవారికి దాని వేడి బాగా తగిలింది.

మామూలు సైజులో స్వదేశీ టైరు తీసుకోవడమే మొదటి పొదుపు. మద్రాసు తిరువొత్తియూరులో 1946లో బొమ్మ బెలూన్లు చేస్తూ మొదలైన ఎం.ఆర్.ఎఫ్., మైసూరు విక్రాంత్ ఫ్యాక్టరీని 1997లో తీసుకున్న జె.కె., 2020లో అప్పటి చిత్తూరు జిల్లాలో ఫ్యాక్టరీ తెరిచిన అపోలో, ముంబయి సియట్ - అన్నీ మనం ఉంటున్న చోట్లవే. రెండో పొదుపు పన్నుది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు అడిగి ఆ తగ్గింపు మనకు దక్కిందో లేదో చూసుకోండి.

ధరను కిలోమీటర్లతో భాగించి చూడటం కూడా మంచిది. ఉదాహరణకు 5,000 రూపాయల టైరు 30,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు సుమారు 17 పైసలు. 6,500 టైరు 45,000 నడిస్తే 14 పైసలే. అయితే బాగా మన్నే గట్టి రబ్బరుకు తడి రోడ్డు మీద పట్టు తక్కువ ఉండవచ్చు. చురుకైన ఇంజనున్న కారుకు మన్నిక ఒక్కటే చూసి కొనకూడదు.

ఎక్కడ మిగుల్చుకోకూడదు?

వాడిన టైర్లు, పైపొర అతికించి మళ్ళీ అమ్మే టైర్లు ఇలాంటి కారుకు వద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిది ముట్టుకోవద్దు. "స్టాకు క్లియరెన్సు" అంటే ముందుగా ఆ నాలుగు అంకెలు చదవండి. ఏడాదిలోపుదైతే నిశ్చింత. రెండు మూడేళ్ళ కిందటిదైతే పక్కన పెట్టి ఇంకొకటి చూపించమనండి. నాలుగు టైర్ల అంకెలూ చూడాలి, ఒకటి చూసి ఊరుకోకూడదు.

డబ్బు చాలక రెండే కొంటే అవి వెనక చక్రాలకు వేయించండి. ముందు చక్రాలతో నడిచే కారుకు కూడా అంతే. మెకానిక్కులే చాలామంది ఇది ఒప్పుకోరు. ముందు టైరు జారితే బండి మలుపు తిరగకుండా నేరుగా పోతుంది. కాలు తీస్తే సర్దుకునే అవకాశముంది. వెనక టైరు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. మామూలు మనిషికి అది చేతికి చిక్కదు.

వేయించాక బ్యాలెన్సింగు, వీల్ అలైన్‌మెంటు మానకండి. అక్కడ మిగిల్చిన కొన్ని వందలు టైరు ఒక పక్క అరిగి వేలల్లో పోతాయి. గాలి ఎంత ఉండాలో పెట్రోలు మూత లోపలో, డ్రైవరు తలుపు పక్కనో అంటించి ఉంటుంది. నిండు బండికి వేరే అంకె ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. గాడుల మధ్య చిన్న గట్లుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. ట్రెడ్డు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు రుణం తీరిపోయినట్టే. వానల్లో తిరిగేవారు అంతదాకా ఆగకపోవడం మంచిది. స్టెప్నీని కూడా ఓసారి దించి దాని వయసు చూడండి.

మా వాడు చివరికి అసలు సైజులోనే, హెచ్ అక్షరంతో, మూడు నెలల కిందట తయారైన స్వదేశీ టైర్లు నాలుగు వేయించాడు. దుకాణం వాళ్ళ చవక బేరానికీ దీనికీ ఉన్న తేడా కోసం, వేయిద్దామనుకున్న కొత్త పాటల పెట్టె మానుకున్నాడు. మొగిలి ఘాట్ దగ్గర జోరున వాన పట్టుకుందట. "ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది మామా. నేనూ బ్రేకు తొక్కాను. బండి నిలబడింది. పాప నిద్ర కూడా లేవలేదు" అన్నాడు తిరిగొచ్చి, లడ్డూ చేతిలో పెడుతూ.

ఎంత పరుగు కారైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ కారు దగ్గర వంగి, ఆ నాలుగు అంకెలు ఒక్కసారి చదవండి.