గాలిలో జాగా కోసం జిగ్‌బీ పాట్లు

స్మార్ట్ బల్బు ఉన్నట్టుండి ఫోన్ మాట వినడం మానేసిందంటే అందరి అనుమానమూ ముందు బల్బు మీదికే పోతుంది. రీసెట్ కొట్టి మళ్లీ జత చేస్తారు. నాలుగు రోజులు బాగానే వెలుగుతుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది. ఎక్కువసార్లు తప్పు బల్బుది కాదు, దాని మాటలు ప్రయాణించే రేడియో దారిది.

ఆ దారికి మొదటి హక్కుదారు వంటింటి మైక్రోవేవ్ పొయ్యి. అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ రాడార్‌లో మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌తో వంట చేయవచ్చని గ్రహించి 1945లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఇలాంటి యంత్రాల కోసం కొన్ని పౌనఃపున్యాలు కేటాయించింది. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం వాటిలో ఒకటి. పొయ్యిల రొద మధ్య రేడియోలు ఎవరు నడుపుతారులే అనుకుని దాన్ని వదిలేశారు. 1985లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, సంకేతాన్ని వెడల్పుగా పరిచి పంపే పద్ధతిలో అక్కడ లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చంది. వైఫై, బ్లూటూత్ వచ్చి చేరాయి. మన దేశమూ 2005లో తక్కువ శక్తి పరికరాలకు ఈ పట్టీలో లైసెన్సు మినహాయించింది.

తలుపు తెరుచుకుందని చెప్పే సెన్సర్ల లాంటి చిన్న పరికరాలకు వైఫై మోయలేని బరువు. బటన్ సెల్‌తో ఏళ్ల తరబడి నడవాలంటే చాలా పొదుపైన రేడియో కావాలి. 2003లో ఐఈఈఈ 802.15.4 ప్రమాణం ఆ రేడియోను ఇచ్చింది. దాని మీద కట్టిన జిగ్‌బీ తొలి ప్రమాణం 2004 చివర్లో సిద్ధమైంది. 2012లో ఫిలిప్స్ హ్యూ బల్బులతో అది ఇళ్లలోకి నడిచొచ్చింది.

తలుపు సెన్సర్ రోజులో చాలాసేపు నిద్రలోనే ఉంటుంది. తలుపు తెరుచుకుని అయస్కాంతం దూరం జరగగానే మేలుకుంటుంది. గాలి ఖాళీగా ఉందా అని ఓ క్షణం విని కబురు పంపుతుంది. 127 బైట్ల అతి పెద్ద కబురుకైనా 4 మిల్లీసెకన్లు దాటి పెద్దగా పట్టదు. అందిందన్న జవాబు రాకపోతే సాధారణంగా మరో మూడుసార్లు ప్రయత్నిస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ కబురు అక్కడితో సరి.

ఈ కబురు, పరికరాలన్నిటినీ కలిపి నడిపే హబ్‌కు నేరుగా చేరనక్కర్లేదు. వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, కరెంటుతో నడిచే బల్బులూ ప్లగ్గులూ ఒకదాని నుంచి మరొకటి అందుకుని హబ్ దాకా చేరుస్తాయి. మన ఇళ్లలో మొదటి చిక్కు ఇక్కడే. పడుకునే ముందు అలవాటు కొద్దీ ఎవరో ఒకరు గోడ మీది స్విచ్ ఆపేస్తారు. ఆ బల్బునే నమ్ముకున్న సెన్సర్‌కు దారి తెగుతుంది. కొన్ని పరికరాలు వేరే దారి వెతుక్కుంటాయి, కొన్ని ఎంతకీ వెతుక్కోవు. ఇలా కబుర్లు అందించే రిలే పనిని ఎప్పుడూ ఆపని ప్లగ్గుకు అప్పగిస్తే ఈ బాధ ఉండదు.

రెండో చిక్కు వైఫైతో. వైఫై ఛానెల్ సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది, జిగ్‌బీకి 2 చాలు. పైగా జిగ్‌బీ గొంతు చాలా చిన్నది. నంబర్లు కూడా తికమక పెడతాయి: జిగ్‌బీ 11వ ఛానెల్ ఉండేది వైఫై 1వ ఛానెల్ పరిధిలో. వైఫై రౌటర్ 1లోనో 6లోనో ఉంటే జిగ్‌బీని 25కు మార్చడం మంచిది. అలా మార్చాక కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి రావచ్చు.

మూడో చిక్కు చాలామందికి తట్టదు. యూఎస్‌బీ 3.0 పోర్టులూ కేబుళ్లూ ఈ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా రేడియో రొద చిమ్ముతాయని ఇంటెల్ 2012లోనే వివరించింది. కంప్యూటర్ వెనక హార్డ్ డిస్క్ పక్కనే గుచ్చి హబ్‌గా వాడే జిగ్‌బీ డాంగిల్‌కు చెవుల దగ్గర డప్పు మోగుతున్నట్టే లెక్క. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని కాస్త దూరం జరిపితే ఇల్లంతా కోలుకోవచ్చు.

2022లో స్మార్ట్ పరికరాల కోసం వచ్చిన మ్యాటర్ ప్రమాణం థ్రెడ్ అనే నెట్‌వర్క్ మీద నడిచినప్పుడు వాడేదీ ఈ 802.15.4 రేడియోనే, ఈ పట్టీనే. కొత్త పెట్టె కొన్నంత మాత్రాన పాత రద్దీ తీరదు. అందుకే రీసెట్ మీట నొక్కే ముందు కనెక్షన్ ఏ వేళకు, ఏ గదిలో పోతోందో రాసుకోవాలి. వంట వేళకే పోతుంటే మైక్రోవేవ్ ఒవెన్‌ను, ఒక్క గదిలోనే పోతుంటే అక్కడి రిలే బల్బును, ఇల్లంతా ఒకేసారి పోతుంటే హబ్‌నూ దాని చుట్టుపక్కల వాటినీ ముందుగా చూడాలి.