తుఫాను రాకముందే ఊరు వ్రాసుకోవలసిన పుస్తకము

ఈ వారము మీతో ఒక నోటుపుస్తకమును గూర్చి మాట్లాడాలని ఉన్నది. అంగడిలో దొరికే మామూలు నోటుపుస్తకమే. అయితే దానిని వ్రాయవలసినది ఒక్కరు కాదు, ఊరంతా. వ్రాయవలసిన సమయము తుఫాను వచ్చిన రాత్రి కాదు, బోర్లు ఎండిపోయిన తరువాత కాదు. ఆకాశము నిర్మలముగా ఉన్నప్పుడే వ్రాయాలి.

ఇప్పుడే ఎందుకు అని మీరు అడుగవచ్చును. "మునుపటి వానలు లేవు, మునుపటి ఎండలు కావు" అని మన పెద్దలు అనుట మీరు వింటూనే ఉన్నారు. అది వట్టి మాట కాదు. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి కాలముతో పోల్చితే భూమి సగటు వేడిమి ఒక డిగ్రీకి పైగా పెరిగినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతము ఎక్కువ తేమను మోయగలదు. అందుచేత కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది, కురవనప్పుడు నేల త్వరగా ఆరిపోతుంది.

మన కోస్తా మనకు నేర్పిన పాఠము ఒకటి ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది చనిపోయారు. 1990 మే నెలలో అదే కృష్ణా తీరమును మరియొక భయంకరమైన తుఫాను తాకినది. ఈసారి చనిపోయినవారు దాదాపు వెయ్యిమంది. వెయ్యి ప్రాణములు చిన్న లెక్క కాదు. రెండు తుఫానులు అన్ని విధాలా సమానమైనవి అనికూడా నేను చెప్పుట లేదు. అయితే ఆ మధ్య సంవత్సరములలో రాడార్లు వచ్చాయి, హెచ్చరికలు ముందుగా అందాయి, తీరములో పక్కా ఆశ్రయ భవనములు లేచాయి, లక్షలాది మందిని ముందుగానే తరలించారు. ఆ సిద్ధపాటే ఎన్నో ప్రాణములను కాపాడినది.

హెచ్చరిక వినిపించుట ఒక సంగతి. మంచము పట్టిన అవ్వను ఎవరు ఎత్తుకొని వెళ్లాలో తెలిసియుండుట వేరొక సంగతి. మొదటిదానిని ప్రభుత్వము చేయగలదు. రెండవది ఊరివారే చేసుకోవాలి. అందుకే ఈ పుస్తకము.

మొదటి పుటలో జ్ఞాపకములు వ్రాయండి. ఏ సంవత్సరము నీరు ఎంతవరకు వచ్చినది? ఏ రోడ్డు ముందుగా మునిగినది? ఏ చెరువు కట్ట తెగినది? వృద్ధులను కూర్చోబెట్టి అడగండి. వారితో పాటు ఈ సంగతులు పోకముందే వ్రాసుకోండి.

రెండవ పుటలో ఊరి పటము గీయండి. చిత్రకారుడు అవసరము లేదు. ముందు నేలమీద ముగ్గుపిండితో గీసి, అందరు సరిచేసిన తరువాత కాగితము మీదికి ఎక్కించండి. పల్లపు ఇండ్లు, పాత గోడలు, ఎత్తైన స్థలములు, పక్కా భవనములు, మంచినీటి బావులు గుర్తించండి. మగవారు గీసిన పటములో చేతిపంపు ఉండకపోవచ్చును. స్త్రీలు గీసిన పటములో అది తప్పక ఉంటుంది. గనుక ఇద్దరిచేతను గీయించండి.

మూడవ పుటలో పేర్లు వ్రాయండి. ఒంటరి వృద్ధులు, నడవలేనివారు, గర్భిణులు, పసిబిడ్డల తల్లులు ఎవరెవరు? ఒక్కొక్కరి పేరు ఎదుట వారిని తోడుకొని వెళ్లే ఇద్దరి పేర్లు వ్రాయండి. ఒకరే అయితే ఆ దినము ఆయన ఊరిలో లేకపోవచ్చును. ఈ పట్టిక ఎండకాలములోను పనికివస్తుంది. 2015లో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి సుమారు రెండువేలమంది చనిపోయారు. మధ్యాహ్నము తలుపు తట్టి నీళ్లు త్రాగారా అని అడిగే మనిషి ఉంటే కొన్ని ప్రాణములు నిలుస్తాయి.

నాలుగవ పుటలో గంటల లెక్క వ్రాయండి. వాతావరణ శాఖ తుఫాను సమాచారమును సుమారు 72 గంటల ముందు మొదలుపెట్టి 48, 24, 12 గంటల ముందు మెట్టుమెట్టుగా ఇస్తుంది. పసుపు రంగు అంటే గమనించుచుండుము, నారింజ అంటే సిద్ధపడుము, ఎరుపు అంటే కదులుము అని అర్థము. ఏ మెట్టులో పడవలు ఒడ్డుకు లాగాలి, ఎప్పుడు పశువులను విప్పాలి, కాగితములు ఎప్పుడు కవరులో కట్టుకోవాలి, ఎప్పుడు బయలుదేరాలి? ముందే నిర్ణయించుకోండి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రమునకు 1070, అంబులెన్సుకు 108 అని పెద్ద అక్షరములతో వ్రాయండి.

మాది సముద్రతీరము కాదు, కరవు నేల అంటారా? మీ పుస్తకములో ఐదవ పుట నీటి పద్దు. ఇది కలలోని మాట కాదు. 2000 దశకములో అనంతపురము, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశము మొదలైన ఏడు జిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలిచిన పథకము ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచినది. రైతులు వానను కొలిచారు, బావులలో నీటిమట్టము చూశారు, ఆ లెక్కలను ఊరి బోర్డు మీద వ్రాశారు. రబీకి ముందు అందరు కూర్చుండి, భూమిలో ఎంత నీరున్నది, వేయదలచిన పంటలకు ఎంత కావాలి అని పద్దు వేశారు. ఏ పంట వేయాలో ఎవరును ఆజ్ఞాపించలేదు. లెక్క చూచి అనేకులు తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

మీరును వేసి చూడండి. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరము మీద పడితే సుమారు 4,000 లీటర్ల నీరు. రాతి నేలలలో అందులో కొద్దివంతే లోపలికి ఇంకుతుంది. ఒక ఎకరము వరికి పట్టే నీటితో రెండెకరముల వేరుశనగ పండించవచ్చును. భూమిలోని నీటికి గట్లు లేవు. ఒకరు ఇంకా లోతుకు వేసిన బోరు పొరుగువాని బోరును ఎండబెట్టగలదు. గనుక పద్దు ఒక్కరిది కాదు, అందరిది.

ఈ పుస్తకము పూర్తియైన తరువాత పెట్టెలో దాచకండి. గ్రామసభకు తీసుకొని వెళ్లి, కల్వర్టు, ఎత్తు రోడ్డు, ఇంకుడు కుంట వంటి పనులను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుమని అడగండి. మన సంఘములకు పక్కా హాలు, మైకు, గంట, ఇంటింటిని ఎరిగిన స్త్రీల సమాజము ఉన్నవి. అవి మనకు మాత్రమే కాదు, ఏ మతమువారైనను ఆ రాత్రి తలదాచుకొనుటకు తెరచియుండాలి. హాలు తాళపుచెవి ఎవరియొద్ద ఉంటుందో కూడా వ్రాసిపెట్టండి.

ఎండకాలమునకు ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు మరియొకసారి ఆ పేర్లను సరిచూచుకోండి. ఈ ఆదివారము కూడిక ముగిసిన తరువాత ఒక గంట కూర్చుండండి. మొదట మూడవ పుట వ్రాయండి. మీ వీధిలో నడవలేనివారు ఎవరు? వారి పేరు ఎదుట ఎవరి పేరు ఉన్నది?