రక్తపోటు - మెదడులోని కావలి

పడకమీద నుండి హఠాత్తుగా లేచి నిలుచున్నప్పుడు భూమ్యాకర్షణ వల్ల రక్తం కాళ్ళలోకి దిగుతుంది. అయినా మనం సాధారణంగా సొమ్మసిల్లి పడిపోము. గుండె వేగం హెచ్చి, రక్తనాళాలు సంకోచించి, మెదడుకు చేరవలసిన రక్తాన్ని క్షణకాలంలో చేరుస్తాయి. మన ప్రమేయం లేకుండానే జరిగే ఈ ప్రతీకార చర్య రక్తపోటుకు నిత్యమూ కావలి కాస్తూ ఉంటుంది.

ఈ కావలికి రెండు ముఖ్య స్థానాలున్నాయి. మెడలో కెరోటిడ్ ధమని చీలేచోటు ఒకటి; గుండె నుండి బయలుదేరే మహాధమని వంపు రెండవది. అక్కడి నాడీ తంతువులు ధమని గోడ ఎంత సాగినదీ గ్రహించి, ఆ వార్తను మజ్జాముఖంలోని నాడీకేంద్రానికి పంపుతాయి. పోటు హెచ్చితే ఆ కేంద్రం వేగస్ నాడి ద్వారా గుండె వేగాన్ని తగ్గిస్తుంది. రక్తనాళాలను బిగించే సహానుభూత నాడుల ఉద్రేకాన్ని అణచుతుంది.

ఇంతటి కావలి ఉండగా అధిక రక్తపోటు ఎట్లా నిలిచి ఉంటుంది? 1956లో మెకబిన్, గ్రీన్, పేజ్ అనే శాస్త్రజ్ఞులు అధిక రక్తపోటు గల కుక్కలలో కెరోటిడ్ నాడి సంకేతాలను పరిశీలించారు. కావలి నిద్రపోలేదు, హెచ్చిన పోటునే సహజమని ఎంచి దానినే కాపాడుతున్నది!

ఈ వ్యవహారంలో మెదడుకు గల పాత్ర యాంజియోటెన్సిన్ అనే హార్మోను వలన తేటపడింది. మూత్రపిండాల నుండి వెలువడే రెనిన్ చర్య వల్ల ఆరంభమై రక్తంలో ఏర్పడే ఈ హార్మోను రక్తనాళాలను బిగిస్తుంది. 1961లో బికర్టన్, బక్లీలు ఒక కుక్క తలకు వేరొక కుక్క రక్తం అందేటట్లు అమర్చి, ఆ రక్తంలో యాంజియోటెన్సిన్‌ను ప్రవేశపెట్టారు. తలకూ మొండేనికీ నాడుల ద్వారా తప్ప సంబంధం లేకపోయినా మొండెంలో రక్తపోటు పెరిగింది. హార్మోను మెదడుమీదనే పనిచేసిందని దీనివల్ల రుజువైంది.

మజ్జాముఖంలోని కణాలపై ఈ హార్మోనును అందుకొనే గ్రాహకాలున్నాయి. వాటిలో ఎ.టి.1 తరగతికి చెందినవి ప్రేరితమైతే, పోటు హెచ్చినా గుండె తగినంతగా నెమ్మదించదు. వంశానుగతంగా అధిక రక్తపోటు సంక్రమించే ఎలుకల మజ్జాముఖంలో ఈ గ్రాహకాలను అడ్డగించగా ప్రతీకార చర్య మెరుగుపడింది. 1995లో వాడుకలోకి వచ్చిన లోసార్టాన్ అడ్డగించేది ఈ తరగతి గ్రాహకాలనే. అయితే దాని ప్రభావం ప్రధానంగా రక్తనాళాలమీద, మూత్రపిండాలమీద ఉంటుంది.

అధిక రక్తపోటు చాలామందిలో ఏ బాధా కలిగించదు. లోపలి కావలి సైతం దానిని అపాయంగా ఎంచదు. కనుక ఒంట్లో సుఖంగా ఉన్నదనే భావాన్ని నమ్మి ఊరుకొనక, పోటును కొలిపించుకొనడమే వివేకం. మందుతో పోటు తగ్గినదని వైద్యుని సలహా లేకుండా దానిని మానివేయడం, పాత పోటును తిరిగి ఆహ్వానించడమే అవుతుంది.