వైమానిక దళ పైలట్ కావాలంటే ఏ దారి?

ఇంటర్ తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీలో సీటు దక్కలేదని యుద్ధవిమానం నడపాలన్న కోరికను వదులుకోనక్కరలేదు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవారికి భారత వైమానిక దళంలో అధికారిగా చేరే మార్గాలు వేరే ఉన్నాయి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉంటే బి.కాం. విద్యార్థి సైతం అర్హుడే.

యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు జరిపే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ద్వారా వెళితే లభించేది పర్మనెంట్ కమిషన్. వైమానిక దళమే నిర్వహించే ఎయిర్ ఫోర్స్ కామన్ అడ్మిషన్ టెస్టు ద్వారా ఫ్లయింగ్ బ్రాంచికి ఎంపికైతే దక్కేది 14 ఏళ్ల షార్ట్ సర్వీస్ కమిషన్. ఇరువురికీ శిక్షణ హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీలోనే. పింఛను మాత్రం రెండోవారికి లేదు. నలభై ఏళ్లు దాటకముందే మరో కొలువు వెతుక్కోవలసి ఉంటుంది. ప్రకటన చూసి ఉత్సాహంగా దరఖాస్తు పంపే యువకులలో ఈ తేడాను గమనించేవారెందరో!

ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవారికి రాతపరీక్ష లేదు. పది శాతం సీట్లు వారివి. అయితే ఆ సర్టిఫికెట్ చివరి క్షణంలో చేతికి వచ్చేది కాదు, కళాశాలలో చేరిన తొలినాళ్లలోనే ఎన్.సి.సి.లో చేరాలి.

ఏ దారిన వచ్చినా తప్పనిది కంప్యూటర్‌పై జరిపే పైలట్ ఎంపిక పరీక్ష. జీవితంలో ఒక్కసారే దీనికి అవకాశం. ఎన్.డి.ఎ. ఎంపికలో ఇది తప్పినవారికి డిగ్రీ తర్వాత కూడా ఫ్లయింగ్ బ్రాంచి తలుపులు తెరుచుకోవు.